బొమ్మ సగంలో ఆగితేనే ఆట మొదలవుతుంది

గత వేసవి సంచికలో ముంజెకాయల బండి గురించి రాసిన నాలుగు వాక్యాలు చదివి, ఆకులు, గింజలు, మట్టితో పిల్లలకు ఆటవస్తువులు చేసిపెట్టే విషయంలో తమ సందేహాలను పలువురు పాఠకులు రాసి పంపారు. వాటిలో ఆరింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. ఫోను చూడడం తగ్గించాలని ఎండుటాకులు, గింజలు ఏరుకొచ్చి, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అట్టముక్కల మీద గుడ్లగూబ, నెమలి, చేప బొమ్మలు అతికించాను. చూసినవారందరూ మెచ్చుకున్నారు. కానీ బాబు వాటి వైపు మళ్లీ చూడలేదు. మెట్ల దగ్గర దొరికిన వంకర కొమ్మ ఒకటి పట్టుకుని మాత్రం పొద్దస్తమానం తిరుగుతున్నాడు. నేను చేసిన పొరపాటు ఏమిటి? — ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు పొరపాటేమీ చేయలేదు. కాకపోతే మీరు తయారు చేసినది గోడకు తగిలించే వస్తువు, మీ బాబు వెతుక్కున్నది ఆడుకునే వస్తువు. ఈ రెండింటికీ తేడా ఉంది. గుడ్లగూబ బొమ్మ కళ్లతో, ముక్కుతో, రెక్కలతో పూర్తయిపోయింది. అది గుడ్లగూబ తప్ప మరేమీ కాలేదు. పైగా అట్టకు అతికించి ఉన్నది కాబట్టి దానిని ఎగరనివ్వడానికీ లేదు, గూట్లో పడుకోబెట్టడానికీ లేదు. వంకర కొమ్మ సంగతి అలా కాదు. అది పొద్దున తుపాకీ అయితే, మధ్యాహ్నం చేపల గాలం అవుతుంది, సాయంత్రానికి తాతగారి చేతికర్ర అవుతుంది.

రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో పిల్లల ఆట గురించి చేసిన ఉపన్యాసంలో కర్రను గుర్రంగా ఎక్కి తిరిగే పిల్లవాడిని ఉదాహరణగా తీసుకున్నాడు. గుర్రం అనే భావాన్ని నిజం గుర్రం నుంచి విడదీసి, ఎదురుగా ఉన్న కర్ర మీదికి మార్చుకోవడం పసి మనసు నేర్చుకునే పెద్ద విద్య అని ఆయన వివరించాడు. అదే ఉపన్యాసంలో ఆయన మరొక మాట కూడా అన్నాడు. ఏ కర్రనైనా పిల్లవాడు గుర్రం చేసుకోగలడు కానీ పోస్టుకార్డును మాత్రం చేసుకోలేడట. కార్డు మీద ఎంత అందమైన గుర్రం బొమ్మ ఉన్నా, దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని పరుగెత్తలేడు కదా! పిల్లల కోసం ఆకుతోనో కాయతోనో ఏదైనా చేయబోయే ముందు నేను గుర్తుచేసుకునే సూత్రం ఇదొక్కటే. వస్తువు దేనిని పోలి ఉన్నదని కాక, దానితో చేతులు, కాళ్లు, నోరు ఏం పని చేయగలవని చూడాలి. తొయ్యాలి, ఊదాలి, లాగాలి, వడ్డించాలి, మొయ్యాలి, నీటిలో వదలాలి. ఈ పనుల్లో ఏ ఒక్కటైనా కుదిరితే, మిగిలిన కథంతా పిల్లవాడే అల్లుకుంటాడు.

ముంజెకాయల బండినే చూడండి. ముంజెలు తీసుకున్న తరువాత మిగిలే ఖాళీ బుర్రలలో ఒకే పరిమాణం ఉన్నవి రెండు ఏరుకుని, అవి పచ్చిగా మెత్తగా ఉన్నప్పుడే, జానెడున్నర పొడవు గల గట్టి పుల్లను ఇరుసుగా రెండింటికీ గుచ్చాలి. చివర పంగ ఉన్న పొడవాటి కర్రను ఆ ఇరుసు మధ్యలో ఆనించి తోస్తే బండి కదులుతుంది. పెద్దవారు చేయవలసిన పని పుల్ల చెక్కడం, బుర్రకు సరిగ్గా నడిమధ్యన రంధ్రం పడేలా చూడడం, అంతవరకే. దానికి హెడ్‌లైట్లు అతికించకండి, రంగులు వేయకండి. ఏ బండినీ పోలి ఉండదు కాబట్టే అది ఆర్టీసీ బస్సు అవుతుంది, గడ్డి ట్రాక్టరు అవుతుంది, నూట ఎనిమిది అంబులెన్సు కూడా అవుతుంది. నా చిన్నతనంలో గోదావరి గట్టు మీద అలాంటి బండి తోసుకుంటూ పోతూ, గట్టు పొడవునా ఉన్న చెట్లన్నిటికీ ఊళ్ల పేర్లు పెట్టి, ఒక్కొక్క చెట్టు దగ్గర ఆపి ప్రయాణికులను ఎక్కించుకునేవాళ్లం. బుర్ర వారానికి కుళ్లిపోయేది. అప్పటికి మరో రెండు బుర్రలు దొరికేవి.

ఇప్పుడు మీరు చేయవలసిందల్లా ఆ కొమ్మను పారవేయకుండా ఉంచడం. దానికి తోడుగా ఒక కొబ్బరి తాడు ముక్క, రెండు పెద్ద ఆకులు, ఒక ఖాళీ కొబ్బరి చిప్ప అక్కడ పెట్టి మీ పని మీరు చూసుకోండి. ‘ఇది ఏమిటి?’ అని అడగకండి. వాడు ‘పట్టుకో’ అని తాడు ఇస్తే మాత్రం పట్టుకోండి.

ప్రశ్న: మేము హైదరాబాదులో ఎనిమిదో అంతస్తులో ఉంటాం. పెరడు లేదు, కింద ఉన్న తోటలో ఆకు కోస్తే కాపలాదారు ఊరుకోడు. నాలుగేళ్లు, ఏడేళ్లు వయసున్న ఇద్దరు ఆడపిల్లలకు ప్రకృతి వస్తువులు ఎక్కడ నుంచి తేవాలి? — ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీ వంటింటి నుంచే తేవచ్చు. ఊరిలో పెరిగిన మన పూర్వులకు చెట్టు దగ్గరగా ఉండేది కానీ, వారి పిల్లల ఆటవస్తువుల్లో సగం వంట మిగుళ్లే.

మామిడిపండ్ల కాలంలో ఒకటి రెండు పెద్ద రసాలు తెండి. బంగినపల్లిలో పీచు తక్కువ, అది ఈ పనికి రాదు. రసం పండు తిన్న తరువాత టెంకను బాగా కడిగి, పీచు ఊడకుండా దువ్వి నాలుగు రోజులు ఎండబెడితే, తెల్లటి గడ్డం పెంచుకున్న ముసలి తాత తయారవుతాడు. రెండు మిరియాలు కళ్లుగా అతికించాలని మీకు అనిపిస్తుంది. ఆ కోరికను దయచేసి అణచుకోండి. ముఖం ఎక్కడ ఉండాలో పిల్లలే నిర్ణయించుకుంటారు. కొందరు అసలు ముఖమే అక్కరలేదంటారు, అదే టెంకను కుక్కపిల్లను చేసి ఒళ్లో పడుకోబెట్టుకుంటారు. మొక్కజొన్న పొత్తుల పచ్చి పొరలు కూడా అంతే. రెండు మూడు పొరలను మధ్యలో మడిచి, మెడ దగ్గర దారం కడితే మనిషి ఆకారం వస్తుంది, పొత్తు కొసన ఉండే పీచు జుట్టవుతుంది. పొరలు ఎండిపోయి విరుగుతుంటే పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. కొబ్బరి చిప్పలు రెండు బోర్లించి నేల మీద కొడితే గుర్రపు డెక్కల చప్పుడు వస్తుంది, వెల్లకిల వేస్తే అవే గిన్నెలు. చింతపిక్కలు బియ్యమవుతాయి, డబ్బులవుతాయి, రైలు టిక్కెట్లు కూడా అవుతాయి. ఏడేళ్ల పాపకైతే పిక్కను ఒకవైపు గరుకు బండ మీద అరగదీయడం నేర్పండి. ఒక ముఖం తెల్లగా, ఒక ముఖం నల్లగా తేలుతుంది, అష్టాచెమ్మాకు గవ్వల బదులు పనికొస్తుంది.

బాల్కనీలో ఒక కుండీ పెట్టగలిగితే శంఖుపుష్పం తీగ వేయండి. నీలి పూలు నాలుగు గోరువెచ్చని నీళ్లలో వేస్తే నీళ్లు నీలమవుతాయి. అందులో నిమ్మరసం పిండితే ఊదా రంగుకు, మరి కొంచెం పిండితే గులాబీ ఛాయకు మారుతుంది, వంటసోడా చిటికెడు వేస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది. పువ్వులోని రంగు పదార్థం పులుపుకు ఒకలా, క్షారానికి మరోలా ప్రవర్తించడమే దీనికి కారణం. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే పారాణి వెనుక ఉన్నదీ ఇటువంటి గుణమే. అయితే సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక పిల్లల చేతికి ఇవ్వకండి, సోడాతో సరిపెట్టండి. ఈ నీళ్లు, నాలుగు చిన్న గిన్నెలు, ఒక చెంచా అందుబాటులో ఉంటే చాలు, మీ ఇంట్లో మందుల దుకాణమో మాంత్రికుడి గుహో వెలుస్తుంది. కారణాల పాఠం ఆ రోజు చెప్పకండి. అడిగిన రోజు చెప్పండి.

తోట కాపలాదారు విషయంలో న్యాయం ఆయన వైపే ఉంది. కోయవద్దు. రాలినవి ఏరుకోవచ్చా అని పిల్లల చేతనే మర్యాదగా అడిగించండి. బాదం చెట్టు ఎర్రటి ఆకులను రాల్చే రోజుల్లో ఆయనే పిలిచి ఇవ్వవచ్చు. తెచ్చినవన్నీ ఎండలో పెట్టి, దులిపి, మూత లేని వెడల్పాటి బుట్టలో ఉంచండి. మూత వేసి అటక మీద పెట్టిన బుట్టను పిల్లలు అడగరు.

ప్రశ్న: మా ఆరేళ్ల మనవడు ఇసుకతో అన్నం, ఆకులతో కూర వండి అందరికీ వడ్డిస్తుంటాడు. మగపిల్లవాడికి ఈ గుజ్జనగూళ్లు ఏమిటని మా వారు కసురుతున్నారు. మాన్పించాలా? — ఒక నాయనమ్మ, కరీంనగర్

జవాబు: మాన్పించకండమ్మా. గుజ్జనగూళ్లు ఆడపిల్లల ఆటగా పేరుపడిన మాట వాస్తవమే. పోతన భాగవతంలో రుక్మిణి బాల్యం చెప్పేటప్పుడు కూడా బొమ్మల పెళ్లిళ్లు, గుజ్జనగూళ్లు కలిసే వస్తాయి. కానీ గొప్ప వంటను మనం ఏమని మెచ్చుకుంటాం? నలభీమపాకం అంటాం. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. మీ వారిని ఒక పూట విస్తరి ముందు కూర్చోబెట్టి, మనవడి చేత వడ్డన చేయించండి. ఉప్పు తక్కువైందని ఆయన ఒక్క మాట అంటే చాలు, తాతా మనవళ్ల ఆట సాగిపోతుంది.

ప్రశ్న: మా పొలం గట్టున గురివింద తీగలు ఉన్నాయి. ఎరుపు నలుపు గింజలు అందంగా ఉంటాయని మా పాప దండ గుచ్చమంటున్నది. ఇవ్వవచ్చా? ఇంకా వేటికి దూరంగా ఉండాలి? — ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. గురివింద గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. గట్టి పైపొర ఉన్నంతవరకు అది లోపలే ఉంటుంది కానీ, గింజను కొరికినా, దండ కోసం సూదితో పొడిచినా ఆ రక్షణ పోతుంది. ఆముదపు గింజలు, నేపాళం గింజలు, గన్నేరు, ముఖ్యంగా పచ్చగన్నేరు కాయలోని పప్పు, ఉమ్మెత్త కాయ, ఇవన్నీ ప్రాణానికే ముప్పు తెచ్చేవి. నేపాళం కాడ విరిచి ఆ పాలతో బుడగలు ఊదడం పల్లెల్లో పిల్లలకు సరదా. బుడగల కోసమే అయితే బొప్పాయి ఆకు కాడను పాలు పోయేలా బాగా కడిగి, గొట్టంగా కోసి, కుంకుడుకాయ నురుగులో ముంచి ఊదమనండి, పీల్చవద్దని ముందుగా చెప్పండి. కుంకుడు రసం కళ్లకు మంట పెడుతుంది కానీ నేపాళమంత ప్రమాదం కాదు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే దెబ్బ. నల్లజీడి రసం చర్మాన్ని పొక్కిస్తుంది. వయ్యారిభామ మొక్క చాలామందికి దద్దుర్లు తెస్తుంది కనుక దాని తెల్ల పూలను గుత్తులు కట్టనివ్వకండి.

పిల్లలు ఇటువంటిది నమిలినట్టు అనుమానం వచ్చినా ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ గింజనో ఆకునో వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు కనబడేవరకు ఆగకూడదు. కంట్లో పాలు పడితే ధారాళంగా మంచినీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. మూడేళ్లలోపు పిల్లలకు విషం లేని గింజలు కూడా వద్దు. చింతపిక్క గొంతుకు అడ్డం పడవచ్చు, ముక్కులో దూరవచ్చు. ముక్కులో ఇరుక్కున్న పిక్కను పిన్నుతో తీయబోతే మరింత లోపలికి పోతుంది, ఆ పని డాక్టరుకే వదలాలి. మీ పాపకు దండ కావాలంటే తంగేడు పూలు, బంతి రేకులు ఉన్నాయి కదా.

ప్రశ్న: ఉద్దానంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిని. ఒకటి, రెండు తరగతులు కలిపి ముప్పై మంది పిల్లలు. డబ్బు ఖర్చు లేకుండా ఏం చేయించగలను? తనిఖీకి వచ్చేవారు ‘పిల్లలు చేసిన వస్తువులు ఎక్కడ?’ అని అడుగుతారు. ఆడి పాడుచేసినవి ఎలా చూపించాలి? — ఒక ఉపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కొబ్బరి సీమలో ఉండి ఖర్చు గురించి దిగులు పడవలసిన పని లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ తోటలను ఎంతగా కూల్చిందో రాష్ట్రమంతా చూసింది. ఆ తరువాత నాటిన మొక్కల ఆకులు చేతికందే ఎత్తులో ఉంటాయి కనుక ముందు పిల్లలకు ఒక నియమం చెప్పండి. కొబ్బరికి పెరిగే మొవ్వ ఒక్కటే, అది పోతే చెట్టే పోతుంది. అందువల్ల నడిమి లేత ఆకును ఎవరూ ముట్టకూడదు. గాలికి పడిన మట్టలు, రైతులు నరికి వేసినవి మాత్రమే తెచ్చుకోవాలి.

మొదటి రోజున బూర చేయించండి. రెబ్బ నుంచి ఈనెను వేరు చేసి, ఆకును కొస దగ్గర వేలి సందున గట్టిగా చుట్టడం మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందటి చుట్టును సగం కప్పేలా జరుపుతూ పోతే గరాటు ఆకారం వస్తుంది. చివర విడిపోకుండా ఈనె ముక్క గుచ్చాలి. సన్నని కొసలో మడిచిన చిన్న ఆకు ముక్కను పీకగా దూర్చి, కాస్త నొక్కి ఊదాలి. మొదట గాలే వస్తుంది. పీకను వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరిపితే శబ్దం పలుకుతుంది. ఆ సవరింపు పిల్లలే చేసుకోవాలి, అందులోనే వారి ఏకాగ్రత అంతా ఉంటుంది. ముప్పై బూరలు ఒక్కసారి మోగితే పక్క తరగతి వారికి కష్టమే కానీ, ఆ తరువాత జరిగేది చూడండి. ఒకడు పెళ్లి ఊరేగింపు అంటాడు, ఇంకొకడు పల్లకి కావాలంటాడు, మట్ట మీద ఒక పిల్లను కూర్చోబెట్టి ఇద్దరు లాగుతారు. పాఠం మీరు చెప్పకుండానే ముప్పై మందికీ పాత్రలు దొరుకుతాయి.

రెండో వారానికి మట్టి తెప్పించండి. చెరువు బంకమట్టిలో రాళ్లు ఏరి, నీళ్లు చల్లి రొట్టెపిండిలా మర్దించి, పగలకుండా కొంచెం సన్నటి కొబ్బరి పీచు కలపాలి. చేసినవాటిని ఎండలో కాక నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. పైభాగం త్వరగా ఆరి లోపల తడి మిగిలితే బీటలు వస్తాయి. ఏమి చేయాలో నమూనా పెట్టకండి. నమూనా పెట్టిన రోజున ముప్పై ఏనుగులు వస్తాయి, పెట్టని రోజున ఒక ఊరు వస్తుంది. తెలంగాణలో బతుకమ్మకు ముందు పిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు గుచ్చి, చుట్టూ తిరుగుతూ పాడతారు. అక్కడ మట్టి వస్తువు గొప్పతనం దాని నునుపులో లేదు, దాని చుట్టూ జరిగే ఆటపాటలో ఉంది.

తనిఖీ విషయానికి వస్తే, ఒక సంకోచం వదులుకోండి. 2022లో వెలువడిన పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల) జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమే ఆట ద్వారా అభ్యసనాన్ని కేంద్రంగా చెబుతున్నది. స్థానికంగా దొరికే సామగ్రిని ప్రోత్సహిస్తున్నది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1920లో, గుజరాతీ విద్యావేత్త గిజూభాయి బధేకా భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచి ఆటనూ కథనూ చదువు మధ్యకు తెచ్చారు. కాబట్టి వస్తువుల బదులు పిల్లల మాటలను చూపించండి. ఒక నోటు పుస్తకంలో రోజుకు ఇద్దరు పిల్లల పేర్లు రాసి, ఆ రోజు ఆటలో వారు అన్న మాటలను యథాతథంగా రాసుకోండి. ‘ఈ మట్టి పాము అలిగింది, అన్నం తినట్లేదు’ అన్న ఒక్క వాక్యం, పిల్లకు భాష ఎంత వచ్చిందో, కారణం చెప్పడం ఎంత వచ్చిందో, చార్టు కంటే స్పష్టంగా చూపుతుంది. విరిగిన బొమ్మలను దాచకండి. విరిగిన మట్టిని తడిపితే మళ్లీ మట్టే.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఆరు నెలలకు నేను వచ్చాను. మనవరాలికి ఐదేళ్లు, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. ఇక్కడ తాటిచెట్టు లేదు, కొబ్బరాకు లేదు. గింజలు ఇండియా నుంచి తెప్పించాలా? — ఒక అమ్మమ్మ, టెక్సస్

జవాబు: తెప్పించకండి. అమెరికాలోకి విత్తనాలు, మొక్కల భాగాలు తేవడానికి నిబంధనలు కఠినంగా ఉన్నాయి, చెప్పకుండా పెట్టెలో పెట్టుకుంటే విమానాశ్రయంలో చిక్కులు వస్తాయి. అవసరమూ లేదు. మీరున్న చోట ఓక్ చెట్లు విస్తారంగా ఉంటాయి. శరత్కాలంలో వాటి కాయలు, వాటికి టోపీల్లాంటి చిప్పలు రాలుతాయి. ఆ చిప్పలు చూడగానే మీకు అర్థమవుతుంది, అవి గుజ్జనగూళ్ల గిన్నెలు కాక మరేమిటి? టెక్సస్ రాష్ట్ర వృక్షమైన పెకాన్ చెట్టు కాయ పెంకులు పడవలవుతాయి. ఓక్ కాయల్లో పురుగులు ఉంటాయి కాబట్టి ఇంట్లోకి తెచ్చే ముందు రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తరువాత బాగా ఆరబెట్టండి. ఏరేటప్పుడు మూడేసి ఆకుల గుంపులతో పాకే పాయిజన్ ఐవీని ముట్టవద్దు. దురద, బొబ్బలు వస్తాయి. మట్టి గుట్టల్లా కనిపించే నిప్పుచీమల పుట్టల మీద కాలు పెట్టనివ్వవద్దు. జాతీయ పార్కులకు వెళ్లినప్పుడు రాయి గానీ ఆకు గానీ తీసుకురావడం సాధారణంగా నిషేధమే, అక్కడ చూసి ఆనందించడం వరకే.

ఇక భాష సంగతి. ‘తెలుగులో చెప్పు’ అని అడిగితే పిల్ల నోరు మూసుకుంటుంది. మీరు వియ్యపురాలు కండి. ఓక్ చిప్పలో ఇసుక అన్నం పెట్టుకుని, ‘వదినగారూ, పప్పు కాస్త వడ్డిస్తారా?’ అని మీరు అడిగితే, ఆట ఆగిపోకూడదు కాబట్టి ఏదో ఒక మాట పలుకుతుంది. ఒకవేళ ఇంగ్లీషులో పలికినా సరిదిద్దకండి, మీ పాత్రలో ఉండి మీ తెలుగులోనే బదులివ్వండి. వాన పడిన మర్నాడు ఆటస్థలంలో ఇసుక తడిగా ఉంటే, ఆ చిన్న పాదం మీద ఇసుక కప్పి, అరచేత్తో గట్టిగా తట్టి, మెల్లగా కాలు వెనక్కు తీయించండి. రేణువుల మధ్య పలచని నీటి పొర వాటిని పట్టి ఉంచుతుంది కనుక కప్పు నిలుస్తుంది, ఇసుక మరీ తడిసి జారుతుంటే నిలవదు. మన పిచ్చుకగూడు అక్కడ కూడా అలాగే వస్తుంది. లోపల ఎవరుంటారో మాత్రం మీరు చెప్పకండి, ఆమెను చెప్పనివ్వండి.